కావద్దన్న కొట్టం

పెరట్లో కొట్టం వేసుకోవడానికి ఏముంది, నాలుగు గుంజలు పాతి, మూడు దిక్కులా మట్టిగోడ పెట్టి, పైన ఇన్ని తాటికమ్మలు కప్పితే అయిపోయె అనుకుంటారు అందరూ. అనుకున్నవాళ్లు ఊరుకోరు, మొదలుపెడతారు. మొదలుపెట్టిన పదోనాడు మా ఇంటికి మనిషిని పంపుతారు. నా బతుకంతా ఆ పదోనాటి మీదనే నడిచింది.

మాది మానుకోట పక్క పల్లె. కాగితాల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మాకు ఎప్పుడూ మానుకోటే. రెండో తరగతి సగంలో బడి మానేసి మా మామ వెంట కొట్టాల పనికి పోయాను. ఇటు జనగామ దాకా, అటు భూపాలపల్లి అడవి అంచు దాకా పశువులకూ కట్టెలకూ గడ్డికీ నీడ వేశాను. ఎనభైల్లో సిమెంటు రేకులు వచ్చి కొట్టం కాస్తా షెడ్డు అయింది. ఆ పనీ కొన్నాళ్లు చేసి, మోకాళ్లు వద్దంటే మానుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఒకమాట చెప్పాలని ఇది రాస్తున్నాను. మట్టి సంగతి, కట్టె సంగతి రెండేళ్లలో చేతికి వస్తుంది. ఇంటివాళ్ల సంగతి రాదు. ఎన్ని కొట్టాలు వేశానో లెక్కపెట్టి చెప్పను, అన్నీ ఒక తీరువే. చెప్పదగ్గది ఒకటుంది. అది కట్టమని నన్ను పిలిచారు. కావద్దని కూడా నన్నే పిలిచారు.

మూర ఎవరిది

ముందు మూర సంగతి తెలియాలి. మా రోజుల్లో కొట్టానికి టేపు పెట్టేవాళ్లం కాదు. ఇంటి యజమాని మోచెయ్యి మొదలుకొని నడివేలు కొస దాకా ఎంత ఉంటే అంత ఒక మూర. ఆ కొలతకు ఒక పుల్ల నరికి, పని అయ్యేదాకా అదే వాడేవాళ్లం. యజమాని చేతి కొలతకు కడితేనే ఆ నీడ ఆ ఇంటికి అచ్చివస్తుందని నమ్మకం. యజమాని పొడుగైతే కొట్టం పెద్దది, పొట్టివాడైతే చిన్నది. అడిగేవాళ్లు లేరు.

మామ నాకు నేర్పిన మొదటి పాఠం, "పుల్ల నరికేముందు చెయ్యి సూడు, చెయ్యి సూసేముందు మనిషిని సూడు" అని. అప్పుడు అర్థం కాలేదు. మొగుళ్లపల్లి దిక్కు ఒక పటేలు దగ్గర అర్థమైంది.

ఆ పటేలుకు మా ముందు నేలమీద చెయ్యి చాపడం నామోషీ. "నా చెయ్యి ఏందిరా కొలిచేది, నా జీతగాని చెయ్యి కొలువున్రి, వాడు తినేది నా బువ్వనే గద" అన్నాడు. జీతగాడు ఐలయ్య మనిషి మూరెడు, చెయ్యి జానెడు. మామ మాట్లాడకుండా ఐలయ్య చేతికే పుల్ల నరికాడు. కొట్టం అయింది. పటేలు ఎడ్లు తల లోపల పెట్టి, కొమ్ములు పట్టక, వెనక్కి నడిచి వచ్చాయి. మూడు రోజులు వాటిని తోక పట్టి లోపలికి గుంజారు. చివరికి ఆ కొట్టంలో ఐలయ్య కాపురం పెట్టాడు. అతనికి కొలిచి కుట్టినట్టు అమిరింది. పటేలు మామను పిలిపించి అరిస్తే, మామ చేతులు కట్టుకొని, "బాంచెన్, మీ బువ్వ పొడుగు గంతే ఉన్నది" అన్నాడు.

ఆరోజు నేను నవ్వుకున్నాను. యజమాని తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం తెలివి అనుకున్నాను. ఆ తెలివి నన్ను తొర్రూరులో ముంచింది.

సుగుణక్క అప్పజెప్పిన పని

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని లొల్లి లేచిన ఎండాకాలం అది. బడులు బందయ్యాయి, బస్సులు ఒకరోజు వస్తే రెండురోజులు రావు. తొర్రూరులో వెంకటయ్య సారు అని బడిపంతులు ఉండేవాడు. మంచి గొంతు. ఆయన ఒక నినాదం ఎత్తుకుంటే సంత చివరన ఉన్నవాళ్లు కూడా చేతిలో బెండకాయలు వదిలేసి చెయ్యి లేపేవాళ్లు. అందుకని ఊరేగింపు ఎక్కడున్నా ముందు వరుస ఆయనదే. లాఠీ కూడా ముందు వరుసకే తగులుతుంది కదా.

ఆయన భార్య సుగుణక్క నన్ను పిలిపించింది. పోయేసరికి సారు ఇంట్లో లేడు. పెరట్లో కొత్తగా కొన్న పాడిబర్రె ఎండలో కట్టేసి ఉంది. అక్క నాకు మంచినీళ్లిచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"తమ్మీ, గీ బర్రెకు కొట్టం కావాలె."

"ఎంతల కావాలె అక్కా? పదిహేను రోజులల్ల ఏస్త."

"గదే వద్దు. కొట్టం కట్టుడు మొదలుపెట్టాలె. కాని కావద్దు."

నాకు సమజు కాలేదు. అప్పుడు ఆమె విషయం చెప్పింది. "మొన్న మా సారు నెత్తి పలిగింది. దవాఖానల ఏడు కుట్లు ఏసిన్రు. కుట్లు ఇప్పకముందే మల్ల పోయిండు. ఏడిస్తె ఆగడు, తిడితె ఆగడు. ఈసారి మనిషే రాడని నాకు భయమైతున్నది. అందుకే సిద్ధాంతి కాళ్లు పట్టుకొని ఒకమాట చెప్పిచ్చిన."

సిద్ధాంతితో ఆమె చెప్పించిన మాట ఇది: సారుకు ఈ ఏడు గండం ఉంది. సొంత చేతులతో ఒక మూగజీవానికి నీడ కడితే పోతుంది. ఇంకొకరి చెయ్యి దానిమీద పడకూడదు. కట్టడం మొదలుపెట్టినవాడు అది పూర్తయ్యేదాకా గుంపులో కలవకూడదు.

"సారు నమ్మిండా?" అన్నాను.

"నమ్మలే. 'నేను నమ్మ, కాని నువ్వు నమ్ముతున్నవు గద, నీకోసం కడత. కొట్టం అయిన గడియల పోత' అన్నడు. ఒట్టేసిండు కూడ. మాట తప్పడు, గదే నా ధైర్యం. గదే నా పరేషాన్." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గీ లొల్లి సల్లారేదాక కొట్టం కావద్దు తమ్మీ. నువ్వు కూసొని చెప్తుండు, ఆయిన కడుతుంటడు. ఎట్ల ఆలస్యం చేస్తవో నీ ఇష్టం."

ఇరవై ఏళ్లకు పైన పనిచేసి, తొందరగా కానియ్యమని తిట్టినవాళ్లనే చూశాను. కావద్దని బతిమిలాడినవాళ్లను అప్పుడే చూశాను. సరేనన్నాను. కూర్చొని చెప్పడమే కదా, ఇంతకంటే సులువైన పని దొరుకుతుందా అనుకున్నాను. పిల్లలూ, నా పనిలో అంత కష్టమైన మూడునెలలు ఇంకోటి లేదు.

మోచేతుల మీద నడక

తెల్లారి సారు ధోవతి ఎగ్గట్టి, చొక్కా విప్పి, నెత్తికి తువ్వాల చుట్టి నిలబడ్డాడు. నేను వేపచెట్టు కింద మంచం మీద.

"రాములూ, నువ్వు చెయ్యి పెట్టద్దు. నోరు పెట్టు సాలు."

"మంచిది సార్. ముందు మీ మూర పుల్ల నరుకుదాం."

"పుల్ల నువ్వు నరికితె నీ చెయ్యి పడ్డట్టు గాదా? నా చేతితోనే కొలుస్త."

పుల్ల ఆయనే నరుక్కోవచ్చని చెప్పాల్సింది. ఆలస్యమైతే మంచిదే కదా అని ఊరుకున్నాను. సారు నేలమీద బోర్లా పడుకొని, కుడి మోచెయ్యి ఆనించి, నడివేలు దగ్గర సున్నంతో గీతపెట్టి, మళ్లీ ఆ గీత మీద మోచెయ్యి పెట్టి, అట్లా పాక్కుంటూ పోయాడు. వెనక గోడకు పన్నెండు మూరలు. పిట్టగోడ అవతల నుంచి పక్కింటి అవ్వ చూసి, "అయ్యో సారూ, ఏం పోగొట్టుకున్నవు బిడ్డా?" అని తనూ నేలంతా వెతకడం మొదలుపెట్టింది.

పన్నెండో మూర అయ్యేసరికి కుడి మోచెయ్యి తోలు లేచిపోయింది. ఉఫ్ ఉఫ్ అని ఊదుకొని, ముందు గుంజల వరుసకు ఎడమ చెయ్యి పెట్టాడు. అదీ పన్నెండు మూరలే. లేచి చేతులు కడుక్కోవడానికి రెండూ ముందుకు చాపాడు. అక్క చెంబుతో నీళ్లు పోస్తోంది. అప్పుడు చూశాను. ఎడమ చెయ్యి కుడిచెయ్యి కంటే రెండువేళ్లు పొట్టి.

తర్వాత అక్క చెప్పింది, చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడితే కట్లు కట్టేవాడు వంకరగా అతికించాడట. మూరకు రెండువేళ్లంటే పన్నెండు మూరలకు ఇరవై నాలుగు వేళ్లు. అంటే నిండా ఒక మూర. వెనకగోడ పన్నెండు మూరలు, ముందు వరుస పదకొండు. కొట్టం వెనక వెడల్పు, ముందు ఇరుకు, చేటలాగా వస్తుంది.

నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇది దాచుకుంటే ఎప్పుడైనా పనికొస్తుంది, ఇంకే దారీ లేనప్పుడు దీన్ని బయటపెడితే మొత్తం పీకి మళ్లీ కట్టాల్సిందే అనుకున్నాను. ఆరోజు మధ్యాహ్నం అక్క పెట్టిన సర్వపిండి, పచ్చిపులుసు బాగానే తిన్నాను. తెలివైనవాణ్ణని కూడా అనుకున్నాను.

ఆలస్యం చేసే పని

మట్టికి పుట్టమన్ను కావాలన్నాను. వాగు దిక్కు పోయి రెండురోజుల్లో గంపలతో మోసుకొచ్చాడు. వరిగడ్డి వేసి మూడురోజులు తొక్కాలన్నాను. పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా తొక్కి ఒక్కరోజులో పక్వానికి తెచ్చాడు. తొక్కుతూ పిల్లలకు చెప్పినట్టు ఎక్కాలు చదివేవాడు. పందొమ్మిదో ఎక్కం దగ్గర మట్టి తయారు.

మట్టిగోడ మూరెడు ఎత్తు పెట్టి, ఆరాక దానిమీద ఇంకో మూరెడు పెట్టాలి. ఎండాకాలం ఒకటిన్నర దినంలో ఆరుతుంది. నేను వారం అన్నాను. సారు పొద్దున, సాయంత్రం బొటనవేలితో గోడ నొక్కి చూసేవాడు. "ఎండింది గద?" "పైన ఎండింది సార్. లోపల పచ్చిగుంది." "నీకెట్ల ఎరుక?" "వాసన." పాపం, గోడకు ముక్కు ఆనించి నిలబడేవాడు. ఒకరోజు బర్రె కూడా వచ్చి ఆయన పక్కన గోడ వాసన చూసింది.

గుంజలకు తుమ్మ కట్టె, మొదలు కాల్చి పాతాలన్నాను. అమావాస్య అన్నాను, మంగళవారం అన్నాను, బల్లి పడిందన్నాను. ఒకసారి ఏం తోచక, బర్రె ఇష్టపడాలన్నాను. దాన్ని తీసుకొచ్చి సగం గోడల నడుమ నిలబెట్టాడు. అది పేడవేసింది. "ఇష్టపడ్డది, రాస్కో" అన్నాడు.

చివరికి దూలం, వాసాల దగ్గర నాకు ఊపిరి వచ్చింది. అవి కేసముద్రం నుంచి రావాలి. లారీలు బంద్. నెలరోజులు నిశ్చింత అని అక్కకు చెప్పాను. ఆమె ఆరోజు నవ్వడం మొదటిసారి చూశాను.

మూడోరోజు పొద్దున ఎడ్లబండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. బండి నిండా వాసాలు, పైన రెండు దూలాలు, వాటి మీద జెండా. పక్కన ఇద్దరు మనుషులు. ఒకరు కేసముద్రం ధాన్యం గంజులో హమాలీ మల్లయ్య, ఇంకొకరు తొర్రూరు దర్జీ యాకూబ్. ఇద్దరూ సారుతో పాటు ముందు వరుసలో నడిచేవాళ్లు.

మల్లయ్య మీసం దువ్వుకున్నాడు. "బందు పెట్టినోళ్లం మేమే గద సార్. ఆపేటోడెవడు?"

యాకూబ్ అన్నాడు, "నువ్వు లేక గొంతు లేదు సార్. నేను నినాదమిస్తె జనాలు బట్టలు కుట్టినవా అని అడుగుతున్నరు. ఎల్లుండి పెద్ద ఊరేగింపున్నది. గప్పటికి గీ కొట్టం చేసేద్దాం."

అక్క నా దిక్కు చూసింది. నేను ఆకాశం దిక్కు చూశాను.

"చేసేద్దామంటె ఎట్ల?" అన్నాను. "వేరేటోళ్ల చెయ్యి పడద్దు. గండం."

వాళ్లిద్దరూ తలలు గోక్కున్నారు. కాసేపటికి యాకూబ్ నా మంచం దగ్గరికి వచ్చాడు. "అన్నా, కొట్టాన్ని ముట్టుకోవద్దు, అంతే గద? సారును ముట్టుకోవద్దని ఏమన్న ఉన్నదా?"

సిద్ధాంతి ఆ సంగతి చెప్పలేదు.

మనిషిని ఎత్తుడు

ఆ రెండురోజులు నేను చూసింది ఇంతవరకూ ఎవరికి చెప్పినా నమ్మలేదు. సారు ఒక్కడే దూలం ఎత్తలేడు. అందుకని దూలాన్ని ఆయన పట్టుకుంటాడు, ఆయన్ను నలుగురు పట్టుకుంటారు. మల్లయ్య మెడమీద సారు, చెరోపక్క తొడలు పట్టుకొని వీధిలోంచి పిలిచిన ఇద్దరు, వెనకనుంచి నడుము పట్టుకొని యాకూబ్.

"లేపు! జర కుడికి!"

"నా కుడికా, నీ కుడికా?"

"సారు కుడికిరా!"

"సార్, ఊపిరి బిగవట్టకు, బరువైతున్నవు!"

నిచ్చెన ఉంది కదా అన్నాను. "నిచ్చెన ఎవరు చేసిన్రు?" అన్నాడు సారు పైనుంచి. దానిమీద వడ్రంగి చెయ్యి పడిందట. ఆ లెక్కన నేల మీద కూడా ఎవరో ఒకరి కాళ్లు పడే ఉంటాయి కదా అనిపించింది, అనలేదు.

వాసం ఒక్కొక్కటీ అట్లాగే. సారును గోడ కొస నుంచి ఇంకో కొసకు ఊరేగింపులో దేవుణ్ణి మోసినట్టు మోసుకుపోయేవాళ్లు. ఆయన చేతిలో నార, నోట్లో నార. వీధిలో పోయేవాళ్లు పిట్టగోడ ఎక్కి కూర్చున్నారు. ఎవరో జై తెలంగాణ అన్నారు. అంతే, పైనుంచి సారు గొంతు ఎత్తాడు. మల్లయ్య, మిగతా ముగ్గురూ అలవాటుగా పిడికిళ్లు గాల్లోకి లేపారు. పట్టుకున్న చేతులు పైకి పోయేసరికి సారు గడ్డివాములోకి పోయాడు.

పెద్ద ఊరేగింపు రోజు పొద్దునకు నడిమి దూలం, వెనక దిక్కు వాసాలన్నీ ఎక్కాయి. ముందు దిక్కు వాసాలు కట్టి కమ్మ కప్పితే అయిపోతుంది. దానికి ముందు వరుస గుంజల మీద రెండో దూలం పెట్టాలి. మధ్యాహ్నం బయలుదేరాలని వాళ్ల ఆత్రం. అక్క గడపలో కూర్చొని ఉంది. ముఖంలో నెత్తురు లేదు. నా దగ్గర ఇంక అమావాస్య లేదు, బల్లి లేదు.

దూలం పెట్టారు. ఒక కొస మొదటి గుంజ మీద కూర్చుంది. ఇంకో కొస చివరి గుంజ దాటి ఒక మూర బయటికి పోయింది.

"దూలం ఎక్కువైంది, కోద్దాం" అన్నాడు మల్లయ్య.

మంచం మీద నుంచి లేచాను. "దూలం సక్కగనే ఉన్నది సార్. చేతులే సక్కగ లేవు."

ఏ చెయ్యి యజమాని

సారును కిందికి దింపమని, ఆయన రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపించాను. సారు చూసుకున్నాడు. నలభై ఏళ్లుగా తన ఒంటికి ఉన్న చేతులే అయినా కొత్తగా చూసినట్టు చూశాడు.

"మరిప్పుడెట్ల?"

"ఒక్క చేతి కొలతకే ఉండాలె. కుడిచెయ్యైతె ముందు గుంజలు పీకాలె. ఎడమచెయ్యైతె ఎనక గోడ కూలగొట్టాలె. ఏ చెయ్యి యజమానో మీరే తేల్చుకోన్రి."

అక్కడ మొదలైంది. యాకూబ్ కుడిచెయ్యి అన్నాడు, అన్నం తినేది అదే కదా. మల్లయ్య ఎడమచెయ్యి అన్నాడు, దెబ్బతిన్నదాని పక్కన నిలబడాలి కదా. ఆ మాటకు పిట్టగోడ మీద ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. సిద్ధాంతిని పిలిచారు. ఆయన వచ్చి చాలాసేపు కళ్లు మూసుకొని, యజమాని చెయ్యి అని ఉంది గానీ ఏ చెయ్యి అని లేదన్నాడు. ఓట్లు పెట్టమన్నారు. ఎడమచేతికి ఓటు వేసేవాడు ఏ చెయ్యి లేపాలి అని ఒకడు అడిగాడు. దానిమీద ఇంకో అరగంట. ఒకాయన రెండు చేతులూ లేపి, ఐకమత్యం అన్నాడు. పక్కింటి అవ్వ, "కాలుతోని కొలవరాదుండ్రి" అని పరిష్కారం చెప్పింది.

అక్క లేచి లోపలికి పోయి అందరికీ శనగ గుడాలు ఉడకబెట్టింది. తిన్నారు, మళ్లీ వాదించుకున్నారు. పొద్దు వాలింది. ఊరేగింపు వేళ దాటింది. నేను గోడకు ఆనుకొని, మూడునెలలు దాచిన తప్పు సరైన గడియలో బయటపెట్టానని మురిసిపోయాను.

అప్పుడు గుమ్మంలోకి ఒక మనిషి వచ్చాడు. చొక్కా చినిగి ఉంది, చెవి పక్కన నెత్తురు గడ్డకట్టి ఉంది. చౌరస్తా దగ్గర లాఠీలు లేచాయట. ముందు వరుసలో పెద్దవాళ్లు ఎవరూ లేరు. ఎటు పోవాలో చెప్పే గొంతు లేక జనం చెల్లాచెదురై, ఒకరిమీద ఒకరు పడి దెబ్బలు తిన్నారు.

"మీరంత యాడున్నరు?" అన్నాడు. కోపం లేదు. ఉత్తగా అడిగాడు.

పెరట్లో ముప్పై మంది ఉన్నాం. అందరి చేతుల్లో గుడాలు. ఎవరూ నమలడం లేదు.

నా తప్పు

అందరూ పోయాక సారు నా ఎదురుగా కూర్చున్నాడు. "రాములూ, గీ చేతుల సంగతి నువ్వెప్పుడు సూసినవు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "మొదటిరోజే సార్. చేతులు కడుక్కునేటప్పుడు."

"మరి చెప్పలేదేంది?"

నేను అక్క దిక్కు చూశాను. అక్క నేల దిక్కు చూసింది. సారు ఇద్దరినీ చూశాడు. లెక్కల పంతులు కదా, కూడుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"సుగుణా, నువ్వు నన్ను బతికించుకున్నవు, మంచిదే. నా ఎంబడి నడిచేటోళ్లను ఎవరు బతికిస్తరు?"

నేను చెప్పులు చేతిలో పట్టుకొని బయటికి వచ్చాను.

పిల్లలూ, ఇక్కడ నేను నన్ను వెనకేసుకొని రాను. కావద్దన్న కొట్టాన్ని ఆలస్యం చేయడం తప్పని ఇప్పటికీ అనను. ఆ అక్క భయం నిజమైన భయం. గోడ వాసన చూడమనడం ఆట. కానీ కంటికి కనపడ్డ తప్పును దాచుకొని, నాకు కావలసిన రోజున వాడుకున్నాను చూడండి, అది పనితనం కాదు. మొదటిరోజే చెప్పి ఉంటే ఆలస్యం మొదటిరోజే వచ్చేది, నిజాయితీగా వచ్చేది. ఎవరిదో నెత్తి పగిలే రోజు మీదకు దాన్ని తోసుకుపోవలసిన పని ఉండేది కాదు. మా మామ పటేలు దగ్గర ఊరుకున్నాడు, నిజమే. అక్కడ నష్టపోయింది పటేలు పరువు ఒక్కటే. ఊరుకోవడం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఆయనకు తెలుసు. నాకు తెలియలేదు. ఇంటివాళ్లు అడగకపోయినా చెప్పండి. వద్దన్నా చెప్పండి.

నువ్వు ముట్టుకో

మరునాడు పొద్దున క్షమాపణ అడగడానికి పోయాను. సారు చొక్కా వేసుకొని గుమ్మంలో ఉన్నాడు. కొట్టం కాలేదు, ఒట్టు తీరలేదు, అయినా పోతున్నాడు. మల్లయ్య, యాకూబ్ జెండాలతో వచ్చారు. అక్క బయటికి వచ్చింది. కొంగు నడుముకు బిగించి ఉంది.

"నువ్వెటు?" అన్నాడు సారు.

"నీ ఎంబడి."

"దెబ్బలు తగుల్తయి."

"ఇంట్ల ఉంటె తగుల్తలేవా నాకు?" అని ఆయన ముందు నడిచింది. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి కేకవేసింది. "తమ్మీ! ఇగ నువ్వు ముట్టుకో!"

మూడునెలలుగా నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. ఆరోజు వాటికి ఎంత పని పెట్టానో. ముందు గుంజలు నాలుగూ పీకి, కుడి మూరకు జరిపి పాతాను. దూలం సరిగ్గా కూర్చుంది. పొద్దుగూకేలోపు మిగిలిన వాసాలు కట్టి, కమ్మ కప్పి, బర్రెను కట్టేసి, గడ్డి వేశాను. మూడునెలల కొట్టం ఒక్కరోజులో అయింది. కూర్చొని రోడ్డు దిక్కు చూడడం ఒక్కటే మిగిలింది. అక్క మూడునెలలు ఏం చూసిందో ఆ గంటసేపు నేను చూశాను.

వచ్చారు. ఇద్దరూ నడిచే వచ్చారు. సారు ఒంటిమీద గీత లేదు. అక్క కూడా బాగానే ఉంది, కానీ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"గొంతు పోయింది" అన్నాడు సారు. ఆయన ముఖంలో భయమో గౌరవమో తెలియదు. "నన్ను అరవనియ్యలే. నా గొంతు తొర్రూరు దాకనే ఇనవడ్తది, ఆమెది మానుకోట దాక పోయింది. పోలీసోళ్లు కూడ పక్కకు జరిగిన్రు."

అసలు చిక్కు తెల్లారి వచ్చింది. ఆ బర్రె అక్క పిలుపు వింటేనే పాలు వదులుతుంది. పొద్దున ఆమె పక్కన కూర్చొని "రావే నా తల్లీ, నా బంగారూ" అనాలి. గొంతు లేదు. బర్రె ఆమెను చూసింది, విన్నది గాలి, పాలు విడవకుండా ఎగబట్టింది. నేను పిలిచాను. తన్నింది. పక్కింటి అవ్వ పిలిచింది. అవ్వనూ తన్నబోయింది. ఇక సారే చెంబు పట్టుకొని కూర్చున్నాడు. అక్క పెదవులు కదిపి చూపిస్తుంటే, ఆ మాటలు ఆమె రాగంలో, సన్నని ఆడగొంతుతో అన్నాడు. బర్రె చెవులు కదిలాయి. పొదుగు కొంచెం మెత్తబడింది.

అంతలో వీధిలో డప్పులు. ఊరేగింపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. మల్లయ్య నోటిదగ్గర చేతులు పెట్టి, "సార్! వస్తున్నవా? జై..." అన్నాడు.

బర్రె ఒక్క ఉదుటున ఎగిరిపడి పాలు మళ్లీ ఎగబట్టింది.

"చుప్!" అన్నాడు సారు అదే ఆడగొంతులో. "ఇప్పుడే వస్తున్నయి! డప్పు ఆపున్రి. జెండలు కిందికి పెట్టున్రి, దానికి ఎర్రది ఏమన్న కనవడితె బెదురుతది. మెల్లగ పోన్రి, మెల్లగ."

యాకూబ్ వెనక్కి తిరిగి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆ వేలు ఒకరి నుంచి ఒకరికి వీధి చివరిదాకా పోయింది. డప్పుల వాళ్లు డప్పులు చంకలో పెట్టుకున్నారు. వందమందికి పైన మనుషులు చెప్పులు చేతుల్లో పట్టుకొని, ముందువాడి మడమ తొక్కకుండా, దగ్గు వస్తే భుజం మీద తువ్వాల నోట్లో కుక్కుకొని, మా కొట్టం ముందు నుంచి నడిచిపోయారు. చివరి మనిషి మూల తిరిగేదాకా అక్క చెయ్యి గాల్లోనే ఉంది, చప్పుడు చేయవద్దన్నట్టు.

చెంబులో మొదటి ధార పడ్డ చప్పుడు వీధిలోకి వినిపించింది.